ఎక్స్‌ప్లోరేటరీ టెస్టింగ్: తర్వాతి ప్రశ్న ఎక్కడి నుంచి పుడుతుంది?

సాఫ్ట్‌వేర్ టీముల్లో స్ప్రింట్ అనే పని విడత చివర్లో ఓ రెండు గంటలు మిగిలితే "కాసేపు ఎక్స్‌ప్లోరేటరీ చేసేయండి" అనే మాట తరచూ వినిపిస్తుంది. ఏ ఫీచర్, ఏ రిస్క్, ఏ డేటా అనేది ఎవరూ చెప్పరు. టెస్టర్లు తమకు అలవాటైన స్క్రీన్లనే మళ్లీ ఓసారి తిరగేసి, రెండు అలైన్‌మెంట్ బగ్గులు ఫైల్ చేసి, మిగతాదంతా బాగానే ఉందంటారు. దాంతో ఈ పద్ధతి వల్ల పెద్దగా ఒరిగేదేమీ లేదని టీమంతా తీర్మానించుకుంటుంది. నిజానికి ఆ రెండు గంటల్లో ఎక్స్‌ప్లోరేటరీ టెస్టింగ్ మొదలే కాలేదు.

1980లలో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ నిపుణుడు సెమ్ కేనర్ ఈ పేరు పెట్టినప్పటి నుంచీ దీని సారం ఒకటే. టెస్టు ఆలోచించడం, దాన్ని నడపడం, వచ్చిన ఫలితం నుంచి ప్రోడక్ట్ గురించి నేర్చుకోవడం, ఈ మూడూ ఒకే మనిషి చేతిలో ఒకదాన్నొకటి అల్లుకుంటూ సాగాలి. ఇప్పుడు చూసిన ఫలితమే తర్వాతి టెస్టు ఏమిటో తేల్చాలి. "ఇప్పుడు ఈ టెస్టు ఎందుకు చేస్తున్నారు?" అని ఎవరైనా అడిగితే, "ఇందాక ఫలానాది కనబడింది, దాన్నిబట్టి ఫలానా అనుమానం వచ్చింది" అని చెప్పగలగాలి. అలా చెప్పలేకపోతే మనం ఊరికే క్లిక్ చేస్తున్నట్టే.

ఒక కూపన్, దాని వెనక ప్రశ్నలు

ఇదంతా గాల్లో చెబితే అర్థం కాదు, ఒక ఫీచర్ తీసుకుందాం. కార్ట్‌లో కూపన్. రూల్ ఇది: మొత్తం 1000 లేదా అంతకంటే ఎక్కువ ఉంటే 10 శాతం తగ్గింపు, గరిష్ఠంగా 150, ఒక్కో యూజర్‌కి ఒక్కసారే.

ముందుగా రాసుకునే టెస్ట్ కేసులు ఎవరికైనా తడతాయి. 999.99కి కూపన్ పట్టకూడదు, 1000కి 100 తగ్గాలి, 1500కి 150, 1600కి కూడా 150. రెండోసారి వాడితే ఒప్పుకోకూడదు. ఇవి అవసరమే. వీటిని ఆటోమేట్ చేసి ప్రతి బిల్డ్‌కీ నడపాలి కూడా. కానీ ఈ కేసులన్నీ రూల్ రాసిన వాక్యంలోంచే పుట్టాయి. ఆ వాక్యం రాసినవాళ్లకు తట్టనిది ఏదీ వీటిలో ఉండదు.

ఇప్పుడు 1200 విలువైన కార్ట్‌కి కూపన్ వేద్దాం. 120 తగ్గింది. అందులోంచి 400 విలువైన వస్తువు తీసేద్దాం. మొత్తం 800కి వచ్చింది, కూపన్ దానంతటదే పోయింది. "పాస్" అని ఇక్కడితో ఆపేయవచ్చు. కానీ ఒక చిన్న విషయం గమనించాలి: వస్తువు తీసేసిన క్షణంలోనే, లోడింగ్ గుర్తు కూడా కనబడకుండా, తగ్గింపు మాయమైంది. అంటే లెక్క సర్వర్ చేసిందా, బ్రౌజర్ చేసిందా? డెవలపర్ టూల్స్‌లో నెట్‌వర్క్ ట్యాబ్ తెరిచి మళ్లీ చేసి చూస్తే, వస్తువు తీసేయమని సర్వర్‌కి కాల్ (అభ్యర్థన) ఒకటి వెళ్లింది తప్ప తగ్గింపు గురించి సర్వర్ నుంచి ఏమీ రాలేదు. అయితే లెక్క బ్రౌజర్‌లోనే జరుగుతోంది. మరి సర్వర్ దగ్గర కూపన్ ఇంకా అలాగే ఉందా?

తర్వాతి టెస్టు ఇక్కడే పుట్టింది. ఒకే కార్ట్‌ని రెండు ట్యాబుల్లో తెరుస్తాం. మొదటి ట్యాబ్‌లో 1200కి కూపన్ వేసి పేమెంట్ పేజీ దాకా వెళ్లి ఆగుతాం. రెండో ట్యాబ్‌లో 400 వస్తువు తీసేస్తాం. మళ్లీ మొదటి ట్యాబ్‌కి వచ్చి పేమెంట్ చేస్తాం. సర్వర్ మొత్తాన్ని మళ్లీ లెక్కించి కూపన్ అర్హతను మాత్రం మళ్లీ చూడకపోతే, 800 ఆర్డర్‌కి 120 తగ్గింపు వచ్చేస్తుంది. రూల్ వాక్యాన్ని ఎన్నిసార్లు చదివినా ఈ టెస్టు తట్టదు. లోడింగ్ గుర్తు రాకపోవడాన్ని గమనించినవాళ్లకే తడుతుంది.

ఇదే దారిలో ఇంకొంచెం ముందుకు వెళ్దాం. కూపన్ "వాడేశారు" అని సిస్టమ్ ఎప్పుడు రాసుకుంటుంది? కోడ్ టైప్ చేసినప్పుడా, ఆర్డర్ సృష్టించినప్పుడా, పేమెంట్ విజయవంతమైనప్పుడా? కావాలని పేమెంట్‌ని ఫెయిల్ చేసి మళ్లీ ప్రయత్నించాలి. "ఈ కూపన్ మీరు ఇప్పటికే వాడారు" అని వస్తే, అది కస్టమర్‌ని నేరుగా సపోర్ట్ లైన్‌కి పంపే బగ్. ఆర్డర్ క్యాన్సిల్ చేస్తే కూపన్ తిరిగొస్తుందా? వస్తే, గడువు దాటాక క్యాన్సిల్ చేసినా వస్తుందా? వీటికి స్పెసిఫికేషన్‌లో జవాబు లేకపోవచ్చు. అప్పుడు అది బగ్ రిపోర్ట్ కాదు, ప్రోడక్ట్ ఓనర్‌ని అడగాల్సిన ప్రశ్న. ఇలాంటి ప్రశ్న కోడ్ రాయకముందే పట్టుకుంటే ఇంకా మంచిది.

ఇక డబ్బు లెక్క. 333.34 ధర ఉన్న వస్తువులు మూడు. మొత్తం 1000.02. పది శాతం అంటే 100.002, రౌండ్ చేస్తే 100.00. కస్టమర్ కట్టింది 900.02. ఇప్పుడు తగ్గింపును వస్తువులవారీగా పంచితే ఒక్కోదానికి 33.33, మూడూ కలిపితే 99.99. ఒక 0.01 ఎటో పోయింది. ఇన్‌వాయిస్ మీద ఇది కనబడకపోవచ్చు. వస్తువుల్ని ఒక్కొక్కటిగా రిటర్న్ చేసి చూడండి. ఒక్కో రిఫండ్ 333.34 నుంచి 33.33 తీసేస్తే 300.01, మూడింటికి 900.03. కట్టినదానికంటే 0.01 ఎక్కువ. వసూలు చేసినదానికి మించి వాపసు ఇవ్వడానికి పేమెంట్ గేట్‌వే సాధారణంగా ఒప్పుకోదు కాబట్టి మూడో రిఫండ్ ఫెయిల్ అవుతుంది. లాగ్స్‌లో కారణం దొరికేదాకా అది ఎప్పుడో ఒకసారి వచ్చే గేట్‌వే సమస్యలాగే కనబడుతుంది. గుండ్రటి అంకెలతో టెస్ట్ చేసేవాళ్లకు ఈ బగ్ ఎన్నటికీ దొరకదు.

తప్పు అని దేన్నిబట్టి అంటాం?

స్పెసిఫికేషన్‌లో లేనిదాన్ని బగ్ అనడానికి ఆధారం కావాలి. టెస్టర్ల భాషలో దాన్ని ఒరాకిల్ అంటారు. "నాకు నచ్చలేదు" అంటే డెవలపర్ ఒప్పుకోరు, ఒప్పుకోవాల్సిన అవసరమూ లేదు. దేనితో పొసగలేదో చెప్పాలి. పాత వెర్షన్‌లో ఇలా లేదు. మన హెల్ప్ పేజీ వేరేలా చెబుతోంది. ఇదే ప్రోడక్ట్‌లో పక్క స్క్రీన్‌లో తేదీ మరో వరుసలో కనబడుతోంది. ఇదే పని చేసే మిగతా ప్రోడక్టులన్నీ క్యాన్సిల్ నొక్కితే మార్పులు పోతాయని హెచ్చరిస్తాయి, మనది హెచ్చరించదు. ఫలానా ప్రమాణాన్ని లేదా చట్టాన్ని ఇది మీరుతోంది. యూజర్ ఈ స్క్రీన్‌కి వచ్చిన ఉద్దేశమే నెరవేరడం లేదు. వీటిలో ఏదో ఒకదాన్ని పట్టుకుని మాట్లాడితే వాదన కొలిక్కి వస్తుంది. ఒక్కటీ దొరకకపోతే, ఆ అనుమానాన్ని నోట్సులో ఉంచుకుని ముందుకు సాగడమే మేలు.

మనలో కలిగే స్పందన కూడా ఆధారాన్ని వెతకమని చెప్పే సూచనే. ఒక స్క్రీన్ చూస్తుంటే విసుగొస్తే, రోజుకు నలభైసార్లు వాడే మనిషికి ఇంకెంత విసుగొస్తుంది? ఒక మెసేజ్ రెండుసార్లు చదవాల్సి వస్తే, ఆ మెసేజ్‌లో ఏదో లోపం ఉంది. ఏదో ఒక్క క్షణం మెరిసి మాయమైతే "నా కళ్లే మోసపోయాయి" అని వదిలేయకూడదు. స్క్రీన్ రికార్డింగ్‌ని వెనక్కి తిప్పి చూడాలి. సెషన్ మొదలుపెట్టేటప్పుడే రికార్డింగ్ ఆన్ చేసుకోవడం ఈ ఒక్క కారణానికైనా తప్పనిసరి అలవాటు చేసుకోవాలి.

మన ప్రోడక్ట్‌కి మనమే అలవాటు పడిపోవడం మరో పెద్ద అడ్డంకి. ఆరు నెలలుగా ఒకే లాగిన్, ఒకే టెస్ట్ కస్టమర్, ఒకే బ్రౌజర్. ఆ కస్టమర్ రికార్డ్‌లో అన్ని ఫీల్డులూ నిండి ఉంటాయి, కాబట్టి ఖాళీ ఫీల్డుతో వచ్చే క్రాష్ ఎప్పటికీ కనబడదు. ప్రతి సెషన్‌కీ కొత్త యూజర్‌ని సృష్టించుకోవాలి. అప్పుడప్పుడూ కావాలనే పాత డేటా, అంటే రెండు మూడు వెర్షన్ల కింద సృష్టించి అప్‌గ్రేడ్ అయిన రికార్డులు తెచ్చుకోవాలి. మైగ్రేషన్ బగ్గులన్నీ అక్కడే ఉంటాయి.

ఎక్కడ వెతకాలి

"ఇంకేం టెస్ట్ చేయాలో తోచడం లేదు" అనే స్థితి అందరికీ వస్తుంది. అప్పుడు చేయి పట్టుకుని నడిపించేవే హ్యూరిస్టిక్స్, అంటే ఎక్కడ వెతకాలో సూచించే చిన్న గుర్తులు. టెస్టింగ్ నిపుణుడు జేమ్స్ బాక్ ఇచ్చిన ఏడు కోణాలు బాగా వాడుకలో ఉన్నాయి: నిర్మాణం, పనులు, డేటా, ఇంటర్‌ఫేసులు, ప్లాట్‌ఫామ్, వాడకం, సమయం. ఫీచర్‌ని ఒక్కో కోణం నుంచి చూసి ఒక్కో ప్రశ్న రాసుకుంటే పది నిమిషాల్లో పేజీ నిండుతుంది. టెస్టర్లు ఎక్కువ సమయం పనుల మీదే గడుపుతారు, డేటా, సమయం ఈ రెండింటినీ తక్కువ చూస్తారు. అందుకే ఇక్కడ ఈ రెండింటి గురించి కాస్త ఎక్కువ చెబుతాను.

డేటా అనగానే పెద్ద అంకె, ఖాళీ ఫీల్డ్, ప్రత్యేక అక్షరాలు గుర్తొస్తాయి. తెలుగు చదవగలిగే టెస్టర్ చేతిలో అంతకంటే మంచి పనిముట్టు ఉంది, అది తెలుగు లిపి. "లక్ష్మి" అనే పేరు చూడండి. కంటికి రెండక్షరాలు. ప్రతి లిపి గుర్తుకూ ఒక నంబరు (కోడ్ పాయింట్) ఇచ్చే యూనికోడ్‌లో ల, క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి కలిపి ఏడు కోడ్ పాయింట్లు. వాటిని బైట్లుగా దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కోటి 3 బైట్లు, మొత్తం 21 బైట్లు. ఇప్పుడు "పేరు 50 అక్షరాలకు మించరాదు" అనే రూల్ ఉన్న ఫీల్డ్‌కి వద్దాం. వెబ్ పేజీలో ఫీల్డు గరిష్ఠ పొడవును పెట్టే మ్యాక్స్‌లెంగ్త్ లెక్కించేది యూటీఎఫ్-16 అనే మరో పద్ధతి యూనిట్లను. మైఎస్‌క్యూఎల్ డేటాబేస్‌లో వార్‌చార్ 50 (టెక్స్ట్ కాలమ్ పరిమితి) అంటే 50 కోడ్ పాయింట్లు. ఒరాకిల్ డేటాబేస్‌లో వార్‌చార్2 50 అంటే డిఫాల్ట్‌గా 50 బైట్లు, అంటే 16 తెలుగు కోడ్ పాయింట్లే. ఇంగ్లీషులో 50 అక్షరాలూ సాఫీగా సేవ్ అయ్యే ఫీల్డు తెలుగులో ఓ మోస్తరు పొడవు పేరుకే, విలువ కాలమ్‌లో పట్టదని చెప్పే ఓఆర్ఏ-12899 ఎర్రర్‌తో పడిపోతుంది. ఒకే రూల్‌ని మూడు చోట్ల మూడు కొలతలతో కొలవడమే దీనికి కారణం.

పేరును మధ్యలో కత్తిరించే చోట్లు కూడా చూడాలి. లిస్టులో పది కోడ్ పాయింట్ల తర్వాత చుక్కలు పెట్టే కోడ్ అక్షరాన్ని మధ్యలో కోసేస్తే "రాజ్యలక్ష్మి" కాస్తా "రాజ్యలక్ష్" దగ్గర ఆగిపోతుంది. అవతార్ బొమ్మలో మొదటి అక్షరం చూపించే కోడ్ "శ్రీను"కి "శ" మాత్రమే చూపిస్తుంది. పీడీఎఫ్ తయారుచేసే లైబ్రరీకి లిపిని కూర్చడం రాకపోతే ఒత్తులు విడిపోయి పక్కన పడతాయి, లేదా డబ్బాలు వస్తాయి. ఎస్సెమ్మెస్‌లో ఒక్క తెలుగు అక్షరం చేరినా మెసేజ్ పరిమితి 160 నుంచి 70కి పడిపోతుంది, అంతకు మించితే ముక్కకు 67 చొప్పున లెక్క. టెంప్లేట్ అంతా ఇంగ్లీషులో ఉండి, కస్టమర్ పేరు ఒక్కటే తెలుగులో ఉన్నా ఇదే జరుగుతుంది.

వెతుకులాట ఫీచర్ ఉంటే ఇంకా లోతుకు వెళ్లొచ్చు. "సాఫ్ట్‌వేర్" అన్న మాటలో ట్ పక్కన, తర్వాతి అక్షరం ఒత్తుగా అతుక్కోకుండా ఆపే, కంటికి కనబడని జీరో విడ్త్ నాన్ జాయినర్ ఉంటుంది. కొందరి కీబోర్డు దాన్ని పెడుతుంది, కొందరిది పెట్టదు. ఒకలా టైప్ చేసి సేవ్ చేసి, మరోలా వెతకండి. అలాగే ఐత్వాన్ని యూనికోడ్‌లో ఒకే కోడ్ పాయింట్‌గానూ రాయొచ్చు, రెండింటిగా విడదీసీ రాయొచ్చు. స్క్రీన్ మీద రెండూ ఒకటే, పోల్చే కోడ్‌కి మాత్రం నార్మలైజ్ చేయకపోతే, అంటే రెండింటినీ ఒకే రూపానికి తేకపోతే, వేర్వేరు. దీన్ని వాడి ఒకే యూజర్‌నేమ్‌తో రెండు ఖాతాలు తెరవగలమేమో చూడటం మంచి సెక్యూరిటీ టెస్టు.

ఇవన్నీ పుస్తకాల్లో మాత్రమే ఉండే కేసులు కావు. 2018 ఫిబ్రవరిలో "జ్ఞా" అక్షరాన్ని ఆ కనబడని నాన్ జాయినర్‌తో కలిపి పంపితే ఐఓఎస్ 11 మీద నడిచే ఐఫోన్లలో మెసేజింగ్ యాప్‌లు క్రాష్ అయ్యాయి. అదే నెలలో వచ్చిన 11.2.6 అప్‌డేట్‌లో యాపిల్ దాన్ని సరిచేసింది.

తెలుగుతో ఆపకూడదు. ఇమోజీకి యూటీఎఫ్-8లో 4 బైట్లు కావాలి. మైఎస్‌క్యూఎల్‌లో పాత "యూటీఎఫ్8" ఎన్‌కోడింగ్ 3 బైట్ల దాకానే పడుతుంది. డేటాబేస్‌లో స్ట్రిక్ట్ మోడ్ (కఠిన తనిఖీ) ఉంటే ఎర్రర్ వస్తుంది, లేకపోతే ఇమోజీ దగ్గర నుంచి మిగతా వాక్యమంతా నిశ్శబ్దంగా తెగిపోతుంది. రెండోది చాలా ప్రమాదం, ఎందుకంటే సేవ్ అయిందనే మెసేజ్ వస్తుంది. అందుకే సేవ్ చేశాక సక్సెస్ మెసేజ్‌ని నమ్మకుండా పేజీని రీలోడ్ చేసి చూడటం, వీలైతే డేటాబేస్‌లో వరుసను నేరుగా చూడటం అలవాటు కావాలి. అంకెల విషయంలో 2147483647 తర్వాత ఏమవుతుందో, జావాస్క్రిప్ట్‌లో 9007199254740991 దాటిన ఐడీల చివరి అంకెలు మారిపోతున్నాయేమో చూడండి. సీఎస్‌వీ ఎక్స్‌పోర్ట్ ఉంటే, సున్నాతో మొదలయ్యే నంబరు, సమానం గుర్తుతో మొదలయ్యే పేరు పెట్టి ఫైల్‌ని స్ప్రెడ్‌షీట్‌లో తెరవండి. సున్నా ఎగిరిపోతుంది, పేరు ఫార్ములాగా మారుతుంది.

సమయం గురించి. జావాస్క్రిప్ట్‌లో "2024-03-05" లాంటి తేదీ ఒక్కటే ఇస్తే దాన్ని యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం) అర్ధరాత్రిగా తీసుకుంటుంది. యూటీసీకి వెనక ఉన్న టైమ్ జోన్‌లో చూపిస్తే అది మార్చి 4 అవుతుంది. యూటీసీకి ముందున్న జోన్‌లో కూర్చున్న టీమ్‌కి ఈ బగ్ ఎప్పుడూ కనబడదు. డెవలపర్ టూల్స్‌లో సెన్సార్స్ ప్యానెల్‌లో లొకేషన్ మార్చి టైమ్ జోన్ మార్చుకుంటే అర నిమిషంలో కనబడుతుంది. జనవరి 31న మొదలైన నెలవారీ సబ్‌స్క్రిప్షన్ తర్వాతి తేదీ ఏది? అది ఫిబ్రవరి 28కి వచ్చాక మార్చిలో 31కి తిరిగి వెళ్తుందా, 28నే ఉండిపోతుందా? గడియారాన్ని ఒక గంట ముందుకు, వెనక్కి జరిపే దేశాల్లో రాత్రి 2:30కి దానంతటదే నడిచేలా పెట్టిన జాబ్ ఏడాదిలో ఒక రోజు అసలు నడవకపోవచ్చు, మరో రోజు రెండుసార్లు నడవొచ్చు. సగం నింపిన ఫారంని లాగిన్ గడువు ముగిసేదాకా వదిలేసి, తర్వాత సేవ్ నొక్కండి. లాగిన్ పేజీకి తీసుకెళ్లి నింపిందంతా పారేసే అప్లికేషన్లు ఎన్నో ఉన్నాయి.

వాడకం కోణానికి ఒక్క మాట చాలు: సపోర్ట్ టికెట్లు చదవండి. యూజర్లు చివర్లో ఖాళీ ఉన్న టెక్స్ట్ పేస్ట్ చేస్తారు, బ్యాక్ బటన్ నొక్కుతారు, పే బటన్‌ని ఆత్రంగా రెండుసార్లు నొక్కుతారు. మనం ఊహించే యూజర్ కంటే టికెట్లలో కనబడే యూజర్ ఎంతో విలువైనవాడు.

సెషన్ పెట్టుకోవడం

స్వేచ్ఛగా సాగే పనికి ఒక చట్రం ఉండాలి. లేకపోతే ఏం చూశాం, ఏం చూడలేదు అన్నది మనకే తెలియదు. 2000లో జోనథన్ బాక్, జేమ్స్ బాక్ రూపొందించిన సెషన్ పద్ధతి నేటికీ చక్కగా పనికొస్తుంది. ఒక చార్టర్ (సెషన్ లక్ష్యం), ఆటంకం లేని సమయం, నోట్సు, చివర్లో డీబ్రీఫ్ (చూసినదాని మీద చర్చ), ఇంతే. మామూలు సెషన్ 90 నిమిషాలు, చిన్నది 60, పెద్దది 120. మీటింగుల మధ్య పనిచేసే టెస్టర్ రోజుకు మూడు సెషన్లు పూర్తి చేస్తే గొప్పే. మేనేజర్లు ఎనిమిది గంటలను తొంభై నిమిషాలతో భాగించి ప్లాన్ వేయకూడదు.

చార్టర్‌లో ఏం చూడాలి, దేనితో చూడాలి, ఏం తెలుసుకోవడానికి చూడాలి అనే మూడు ముక్కలుండాలి. "లాగిన్ టెస్ట్ చేయడం" చార్టర్ కాదు, అది మరీ వెడల్పు. "పాస్‌వర్డ్ ఏడు అక్షరాలుంటే ఎర్రర్ వస్తుందని చూడటం" కూడా కాదు, అది టెస్ట్ కేసు. పని చేసే చార్టర్, దాని నోట్సు ఇలా ఉంటాయి:

> చార్టర్: ప్రొఫైల్ పేజీలోని పేరు, చిరునామా ఫీల్డులను తెలుగు, ఇమోజీ, మిశ్రమ లిపుల టెక్స్ట్‌తో పరిశీలించి, సేవ్ అయిన తర్వాత డేటా ఎక్కడైనా మారుతోందేమో కనుక్కోవడం.
> 10:05 కొత్త యూజర్, డెవలపర్ టూల్స్, రికార్డింగ్ ఆన్.
> 10:12 "లక్ష్మి" సేవ్ అయింది, రీలోడ్ తర్వాత కూడా సరిగ్గానే ఉంది.
> 10:16 17 కోడ్ పాయింట్ల పేరు: సేవ్ చేస్తే 500 (సర్వర్) ఎర్రర్. 16కి పాస్. బైట్ పరిమితి అనుమానం.
> 10:21 ఇంగ్లీషు 50కి పాస్. అనుమానం బలపడింది. బగ్ 1.
> 10:34 చిరునామాలో ఇమోజీ: సేవ్ అయింది అంది, రీలోడ్ చేస్తే ఇమోజీ తర్వాతి భాగం లేదు. బగ్ 2.
> 10:40 ప్రశ్న: ఇన్‌వాయిస్ పీడీఎఫ్‌లో పేరు ఎలా వస్తోంది? ఈ చార్టర్‌లోది కాదు, కొత్త చార్టర్.
> 10:52 టెస్ట్ సర్వర్ డౌన్, 18 నిమిషాలు పోయాయి.

ఈ నోట్సులో 10:16, 10:21 వరుసలు చూడండి. ఎర్రర్ వచ్చిన వెంటనే బగ్ ఫైల్ చేయకుండా, ఏ అంకె దగ్గర విరుగుతోందో చూసి, ఒక ఊహ రాసుకుని, ఆ ఊహ తప్పయితే బయటపడే టెస్టు ఒకటి చేయడం ఉంది. డెవలపర్‌కి "తెలుగు పేరు సేవ్ కావడం లేదు" అని చెప్పడానికీ, "16 కోడ్ పాయింట్ల దాకా సేవ్ అవుతోంది, 17కి పడుతోంది, ఇంగ్లీషులో 50 పడుతున్నాయి, కాలమ్ బైట్లలో ఉన్నట్టుంది" అని చెప్పడానికీ మధ్య సగం రోజు పని తేడా ఉంటుంది.

10:40 వరుస కూడా అంతే ముఖ్యం. సెషన్ మధ్యలో ఆసక్తికరమైన దారులు ఎన్నో కనబడతాయి. ప్రతిదాని వెంటా పడితే చార్టర్ గాలికి పోతుంది, వదిలేస్తే మరిచిపోతాం. రాసిపెట్టుకుని ముందుకు సాగడమే మార్గం. అయితే డబ్బు పోయే, డేటా పోయే సూచన కనబడితే మాత్రం చార్టర్‌ని పక్కన పెట్టి దాని వెంటే వెళ్లాలి. పక్కకు వెళ్లినట్టు నోట్సులో రాసుకుంటే చాలు.

సెషన్ ముగిశాక సమయాన్ని మూడు భాగాలుగా అంచనా వేయాలి: టెస్టింగ్‌కి ఎంత, బగ్గుల పరిశోధనకూ రిపోర్టింగ్‌కూ ఎంత, సెటప్‌కి ఎంత. నిమిషాలతో లెక్క కట్టక్కర్లేదు, ఉజ్జాయింపు శాతాలు సరిపోతాయి. సెటప్ వాటా ప్రతి సెషన్‌లోనూ 40 శాతం ఉంటే టెస్ట్ ఎన్విరాన్‌మెంట్‌కి మందు వేయాలి. బగ్గుల వాటా 60 శాతం ఉంటే ఆ ఫీచర్ ఇంకా టెస్టింగ్‌కి పండలేదు, వెనక్కి పంపాలి. దొరికిన బగ్గుల సంఖ్యతో టెస్టర్లను కొలిచే అలవాటు ఉన్న చోట ఈ లెక్కలు ఏవీ పనికిరావు, ఎందుకంటే అందరూ తేలిగ్గా దొరికే చిన్న బగ్గుల వెంటే పడతారు.

డీబ్రీఫ్ పది పదిహేను నిమిషాల మాటలు. ఏం జరిగింది, ఏం దొరికింది, ఏం అడ్డొచ్చింది, ఇంకా ఏం మిగిలింది, మీకు ఏమనిపించింది? చివరి ప్రశ్నను చాలామంది వదిలేస్తారు. "బగ్గులేమీ దొరకలేదు గానీ, రిఫండ్ భాగం మీద నాకు నమ్మకం కుదరడం లేదు" అనే జవాబు ఏ రిపోర్టులోనూ రాదు. తర్వాతి చార్టర్ మాత్రం దాన్నుంచే రావాలి.

నైపుణ్యం పెంచుకోవడం

ముందు పనిముట్లు. నెట్‌వర్క్ ట్యాబ్ చదవడం రావాలి: ఏ కాల్ వెళ్లింది, ఏ స్టేటస్ కోడ్ వచ్చింది, స్క్రీన్ మీద సక్సెస్ అని చూపిస్తూ లోపల 500 వచ్చిందా. నెట్‌వర్క్‌ని ఆఫ్‌లైన్ చేయడం, నెమ్మది చేయడం రావాలి. సెలెక్ట్, జాయిన్ రాసేంత ఎస్‌క్యూఎల్ (డేటాబేస్‌ని అడిగే భాష) రావాలి. సర్వర్ లాగ్స్‌లో మన రిక్వెస్ట్‌ని వెతికి పట్టుకోవడం రావాలి. బ్రౌజర్‌కీ సర్వర్‌కీ మధ్య కూర్చునే ప్రాక్సీ ద్వారా రిక్వెస్ట్‌ని ఆపి, విలువ మార్చి, మళ్లీ పంపడం నేర్చుకుంటే ధరను, యూజర్ ఐడీని సర్వర్ గుడ్డిగా నమ్ముతోందేమో తెలిసిపోతుంది. ఆ ప్రయోగాలు మన టెస్ట్ ఎన్విరాన్‌మెంట్‌లో, అనుమతి తీసుకునే చేయాలి.

సాధనకు నాకు బాగా నచ్చిన పద్ధతి జంటగా కూర్చోవడం. ఒకరు కీబోర్డు దగ్గర, ఒకరు నోట్సు రాస్తూ. నోట్సు రాసేవాళ్లు ఐదు నిమిషాలకోసారి "ఇది ఎందుకు చేస్తున్నారు?" అని అడగాలి. పైకి చెప్పాల్సి వచ్చినప్పుడే మన ఆలోచనలో ఉన్న ఖాళీలు బయటపడతాయి. డెవలపర్‌తో జత కడితే ఇంకా మేలు, కోడ్‌లో తనకు ఎక్కడ భయంగా ఉందో తనకే తెలుసు కాబట్టి "ఈ మార్పులో మీకు నమ్మకం తక్కువున్న చోటేది?" అని అడగండి. ఆ జవాబు నేరుగా మీ తొలి చార్టర్ అవుతుంది.

ఒంటరిగా చేసే సాధన కావాలంటే, ప్రొడక్షన్‌లో బయటపడిన ప్రతి బగ్‌నీ తీసుకుని, ఏ ప్రశ్న అడిగి ఉంటే ఇది ముందే దొరికేదో ఒక్క వాక్యంలో రాయండి. "ఫీల్డ్ పొడవు" అని కాకుండా "ఈ పరిమితిని ఎన్ని చోట్ల, ఏ కొలతతో కొలుస్తున్నారు?" అన్నట్టుగా, మరో ఫీచర్‌కి కూడా పనికొచ్చేలా రాయాలి. ఇలాంటి వాక్యాలు ముప్పై పోగయ్యేసరికి అది మీ ప్రోడక్ట్‌కి మాత్రమే సరిపోయే హ్యూరిస్టిక్స్ జాబితా అవుతుంది. బయట దొరికే ఏ చెక్‌లిస్టూ దానికి సాటి రాదు.

సెషన్‌లో దొరికినవాటిలో ఏవి ఆటోమేషన్‌కి ఇవ్వాలన్నది చివరి నిర్ణయం. మళ్లీ విరిగే అవకాశం ఉండి, జవాబు అవును-కాదుల్లో తేలేవి ఇవ్వండి. 333.34 లెక్కను యూనిట్ టెస్టుగా (కోడ్‌లోని ఒక ముక్కను పరీక్షించేది), 17 కోడ్ పాయింట్ల పేరును ఏపీఐ టెస్టుగా (సర్వర్‌ని నేరుగా అడిగి పరీక్షించేది) రాయాలి. రెండింటికీ బ్రౌజర్ తెరవాల్సిన పని లేదు. రెండు ట్యాబుల కూపన్‌ని కూడా ఏపీఐ కాల్స్ వరుసగానే రాయొచ్చు: కూపన్ వేయి, వస్తువు తీసెయ్, ఆర్డర్ పెట్టు, తగ్గింపు సున్నా అని చూడు. పీడీఎఫ్‌లో ఒత్తులు సరిగ్గా కూర్చున్నాయా లేదా అన్నది మాత్రం, లైబ్రరీ గానీ ఫాంట్ గానీ మారిన ప్రతిసారీ, తెలుగు చదవగలిగిన మనిషి కళ్లతో చూడాల్సిందే.